సంతకం మాంట్రియల్‌లో, స్ప్రే మార్టూరులో

జీవవైవిధ్యం అంటే ఏమిటని ఏ తెలుగువాణ్ణయినా అడిగి చూడండి. గచ్చిబౌలి ఫ్లైఓవర్ అంటాడు. నవ్వకండి, అతని తప్పేం లేదు. 2012 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు హైదరాబాదులో జరిగింది. ప్రపంచమంతా దిగింది. ప్రధాని మన్మోహన్ సింగ్ 5 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. పైలాన్ నిలబెట్టారు, పార్కుకి పేరు పెట్టారు, ఏడేళ్లకి అదే పేరుతో ఫ్లైఓవర్ కట్టారు. ఇప్పుడు పొద్దున్న తొమ్మిదింటికి ఆ కూడలిలో కనిపించే జీవజాతి ఒక్కటే. అది హారన్ కొడుతుంది.

పదేళ్లు తిరిగాయి. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ఇంకో సదస్సు, ఇంకో ఒప్పందం. 23 లక్ష్యాలు. అందులో ఏడోది చదవండి. 2030 నాటికి పురుగుమందుల ముప్పును కనీసం సగానికి తగ్గించాలట. మన దేశం తలూపింది. 2024 అక్టోబరు చివర్లో కొలంబియాలోని కాలి నగరంలో, ఆ లక్ష్యాలకు తగ్గట్టు జాతీయ ప్రణాళికను అట్ట వేసి మరీ విడుదల చేసింది. అక్టోబరు చివర అంటే ఇక్కడ ఏం కాలమో తెలుసుగా? మిర్చి పూత కోసం చూస్తుంటాం. పత్తి కాయ పగులుతుంటుంది. మార్టూరు నుంచి మాచర్ల దాకా తైవాన్ స్ప్రేయర్లు మోత మోగుతుంటాయి. కాలిలో చప్పట్లు, మాచర్లలో మోత. సంతకం పెట్టినాయనకి ఈ వాసన సోకదు. ఈ వాసన పీల్చేవాడికి ఆ సంతకం సంగతి తెలియదు. సేద్యానికీ ప్రకృతికీ సమతుల్యం అంటే ఇదే కాబోలు. ఒకరి వాటా కాగితం, ఒకరి వాటా విషం.

రైతుకి అత్యాశ అండీ, అడ్డగోలుగా మందు కొట్టి నేలని పాడు చేశాడు అంటారు పెద్దమనుషులు, ఏసీ పెంచుకుంటూ. అవునా? పాడు చేయమని అప్పిచ్చిందెవరు?

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. ఆ తర్వాత పదేళ్లలో కుడి కాలువ కింద, దాని చుట్టుపక్కల నల్లరేగళ్లలో, జొన్న, వరిగ, కొర్ర, సజ్జ, వాటి నడుమ కంది, గట్టున ఆముదం, ఇవన్నీ వెనకబాటుకి గుర్తులైపోయాయి. పత్తి వెయ్యి, అది తెల్ల బంగారం అన్నారు. వేశాడు. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్లు దిగాయి. కొడితే పురుగు రాలి పడుతుందన్నారు. పడింది, నిజమే. దాంతోపాటు అక్షింతల పురుగూ పడింది. అల్లిక రెక్కల పురుగూ పడింది. సాలీడూ పడింది. పురుగుని తినే పురుగులన్నీ పోయాక తెల్లదోమకి అడ్డెవరు? 1984-85 నుంచి గుంటూరు, ప్రకాశం పత్తి మీద అది విరుచుకుపడింది. దాని వెనకే శనగపచ్చ పురుగు, ఏ మందుకీ లొంగనిది. ఒకే పంటకి 20, 30 సార్లు కొట్టినవాళ్లున్నారు. 1987-88లో ప్రకాశం జిల్లా పత్తి రైతులు ఆ మందే తాగి చచ్చిపోయారు. పురుగు చావని మందుకి మనిషి చచ్చాడు. అప్పట్లో దేశం మొత్తం సాగుభూమిలో పత్తి వాటా 5 శాతం. పురుగుమందుల్లో దాని వాటా దాదాపు సగం.

గుణపాఠం నేర్చుకున్నామా? ఎందుకు నేర్చుకోలేదు! మందు మార్చాం.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పురుగే రాదన్నారు. ఆ విత్తనాల పెట్టె గుర్తుందా? అందులో 450 గ్రాముల బీటీ ప్యాకెట్, పక్కనే 120 గ్రాముల చిన్న ప్యాకెట్. చిన్నదాంట్లో మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ అవి వెయ్యాలి. అక్కడ పురుగు మామూలుగా బతుకుతుంది. బీటీని తట్టుకున్న పురుగు వీటితో జతకడితే పుట్టే పిల్లలు మళ్లీ బీటీకి లొంగుతాయి. అదీ లెక్క. అంటే పురుగుకి కూడా చేలో కాస్త చోటు వదలాలన్నమాట. ఈ మొత్తం కథలో జీవవైవిధ్యానికి మనవాళ్లు కేటాయించింది ఆ 120 గ్రాములే. అదైనా దక్కిందా? ఎకరానికి వేలకు వేలు కౌలు కట్టినవాడు, పురుగు కోసం నాలుగు సాళ్లు వదులుతాడా? ఎందుకు వదలాలో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? చిన్న ప్యాకెట్ గట్టు మీదకి పోయింది. షరతు పెట్టిన ఢిల్లీ కమిటీ గట్టు దాకా రాలేదు. పదిహేనేళ్లు తిరిగేసరికి గులాబీరంగు పురుగు బీటీ కాయలోనే కాపురం పెట్టింది.

ఒక మాట ఒప్పుకోవాలి. విత్తనం ధర మీద మన రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళ్లి కొట్లాడింది. 1,600 రూపాయల పైన ఉన్న ప్యాకెట్ 750కి దిగింది. భేష్. ధర మీద పెట్టిన పట్టులో పదో వంతు ఆ చిన్న ప్యాకెట్ మీద పెట్టి ఉంటే? పెట్టరు. ధర తగ్గితే ఫొటో వస్తుంది. పురుగు బతికితే ఫొటో ఎవడు తీస్తాడు?

తర్వాత అనుమతే లేని, గడ్డిమందుని తట్టుకునే పత్తి దొడ్డిదారిన దిగింది. పైన మందు కొడితే పత్తి మిగులుతుంది, మిగతా పచ్చదనమంతా మాడిపోతుంది. ఆ మిగతా పచ్చదనంలోనే పొన్నగంటి కూర ఉండేది, గంగవాయిలి ఉండేది, తుమ్మి ఉండేది. కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం కొంగున కట్టుకెళ్లే కూర అది. కలుపు కూలీ పోయింది, కూరా పోయింది. ఇప్పుడు వినాయక చవితికి పల్లెటూళ్లో కూడా పత్రి కొనుక్కుంటున్నాం. ప్లాస్టిక్ సంచీలో, ఇరవై ఒక్కటి ఉన్నాయో లేదో లెక్క చూసుకోకుండా.

ఇక ఎర్ర బంగారం, మన మిర్చి. నల్ల తామర పురుగు 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన వలస పురుగు అని శాస్త్రవేత్తలు రాసి పెట్టారు. 2021లో గుంటూరు మిరప పూతలో దిగింది. మధ్యలో ఆరేళ్లు! ఏం చేశాం? ఎంతమంది రైతులకి దాని బొమ్మ చూపించాం? పూత పూతంతా నల్లబడి రాలుతుంటే, చేలకు చేలు ట్రాక్టరు పెట్టి దున్నేశారు. మందులు గుప్పించొద్దు, నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, మిత్రపురుగుల్ని బతకనివ్వండి అన్నారు శాస్త్రవేత్తలు అప్పుడు. మంచి మాటే. కానీ ఆ మిత్రపురుగుల్ని నలభై ఏళ్లుగా చంపిస్తూ వచ్చిన వ్యవస్థ, ఇప్పుడు వాటితో స్నేహం చెయ్యమంటే అవెక్కడున్నాయి బాబూ?

అసలు రైతుకి సలహా ఎవరిస్తున్నారు? 2020లో ఊరికో రైతు భరోసా కేంద్రం వచ్చింది. 2024లో అది రైతు సేవా కేంద్రమైంది. బోర్డు రంగు మారింది. లోపలున్న కుర్రాడి పని మాత్రం మారలేదు. పంట నమోదు, ఈ-కేవైసీ, వేలిముద్ర, ఓటీపీ. అతను చేలో ఎప్పుడు దిగాలి? అందుకని రైతు మందుల కొట్టుకి వెళ్తాడు.

"ఏం బాబాయ్, ముడతా?"

"ముడతేరా అబ్బాయ్. మొన్న కొట్టిందానికి లొంగలా."

"ఇదీ అదీ కలిపి కొట్టు. కొత్త టెక్నికల్."

"ఎంతవుద్ది?"

"డబ్బుదేముంది బాబాయ్, కాయలమ్మాక చూద్దాం."

ఆ ఆఖరి మాటలో సలహా ఉంది, అప్పుంది, వడ్డీ ఉంది, రేపు కాయలు ఎవరి ద్వారా అమ్మాలో కూడా ఉంది. వేపకషాయం అప్పు మీద ఇచ్చే కొట్టు గుంటూరు జిల్లాలో ఎక్కడైనా ఉంటే చెప్పండి, పోయి దండ వేసొద్దాం.

పోనీ, మందుల మీద ఢిల్లీ ఏం చేసింది? 2020 మేలో 27 మందుల్ని నిషేధిస్తామని ముసాయిదా వేసింది. మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్, క్లోర్‌పైరిఫాస్, మన కొట్ల అరల్లో ఉండేవి చాలామటుకు అందులో ఉన్నాయి. కంపెనీలు కన్నీళ్లు పెట్టుకున్నాయి. ముసాయిదా కమిటీకి వెళ్లింది. కమిటీ చదివింది, ఆలోచించింది, నిద్రపోయింది, లేచింది. 2023 సెప్టెంబరు చివరికి అక్కడికక్కడే నిషేధం పడినవి మూడు. డైకోఫాల్, డినోకాప్, మెథోమిల్. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణానికి మాత్రం ఉన్న సరుకు అమ్ముకోవడానికి గడువు ఇచ్చారు. విషానికి కూడా వీడ్కోలు సభ కావాలిగా! ఇరవై ఏడులో మూడు. ఇదే మార్కులు మీ అబ్బాయికి వస్తే ఇంట్లోకి రానిస్తారా? ఇక ఈ వ్యాపారం మొత్తాన్నీ నడిపిస్తున్న చట్టం 1968 నాటిది. సాగర్ కాలువకి నీళ్లొచ్చిన మరుసటి ఏడు పుట్టింది. కొత్త బిల్లు 2008లో ఒకసారి, 2020లో ఇంకోసారి పార్లమెంటు గడప తొక్కింది. చట్టం కాలేదు.

యూరప్‌కి వెళ్లే మన మిర్చికి రేవులో పరీక్షలుంటాయి, ఆఫ్లాటాక్సిన్‌కీ మందుల అవశేషాలకీ. అందుకని ఎగుమతి కంపెనీలు కొన్ని ఊళ్లు ఎంచుకుని, తక్కువ మందులతో పండించి, విడిగా కొంటున్నాయి. అంటే తక్కువ మందులతో మిర్చి పండుతుంది! పండదని మనకి చెప్పిందెవరు? తెల్లవాడి నాలుకకి ఒక తూకం, మన గోంగూర పచ్చడికి ఇంకో తూకం. మన రోట్లో పడే కారానికి ఏ రేవులో పరీక్ష?

ఇక ప్రకృతి వ్యవసాయం. దీని గురించి వెటకారం ఆడటానికి నాకు నోరు రాదు, ఎందుకంటే కింద పని చేస్తున్న ఆడవాళ్లు నిజంగానే చేస్తున్నారు. పొదుపు సంఘాల అక్కలు జీవామృతం కలుపుతున్నారు, వానలకు ముందే నవధాన్యాలు చల్లుతున్నారు, మిరప చుట్టూ జొన్న కంచె వేస్తున్నారు, బంతి, ఆముదం ఎర పంటలుగా పెడుతున్నారు. పక్షి వాలడానికి కర్రలు పాతుతున్నారు. వాళ్లకి దండం. నా పేచీ పైవాళ్లతో. 2018 జూన్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అధిపతి ఎరిక్ సోల్‌హైమ్ పక్కన ఉండగా మన రాష్ట్రం ఒక ప్రకటన చేసింది. 2024 నాటికి 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు, రాష్ట్రమంతా ప్రకృతి సేద్యం. 2024 వచ్చింది. 2024 వెళ్లింది. ఆ ఏడే పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. అది ఇచ్చినవాళ్ల లెక్కలో రైతులు పది లక్షలు, భూమి ఐదు లక్షల హెక్టార్లు. పది లక్షల కుటుంబాలంటే చిన్న సంగతి కాదు. కానీ అరవైలో పది అంటే చిన్న అబద్ధమూ కాదు.

ఎందుకు ఆగింది? డబ్బు దారి పట్టుకుని వెళ్లండి, మీకే తెలుస్తుంది. 2024 నవంబరులో కేంద్రం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్ ప్రకటించింది. 2,481 కోట్లు, అదీ రాష్ట్రాల వాటాతో కలిపి. అదే ఏడు బడ్జెట్‌లో ఎరువుల సబ్సిడీ 1.64 లక్షల కోట్లు. ఒక చేత్తో రూపాయి ఇచ్చి యూరియా మానమంటారు, ఇంకో చేత్తో అరవై ఆరు రూపాయలిచ్చి యూరియా చల్లమంటారు. రైతు ఏ చెయ్యి చూడాలి?

ఇంకా అసలుది మిగిలే ఉంది. ఈ నేలల్లో మిర్చి, పత్తి పండించేవాడు చాలాచోట్ల నేల సొంతదారు కాదు. కౌలుదారు. నోటిమాట మీద ఏడాదికోసారి కౌలు. మూడేళ్లు ఘనజీవామృతం వేసి, గట్టున చెట్టు పెంచి, నేలని గుల్లబరిచాడనుకోండి. నాలుగో ఏడు ఆసామి ఏమంటాడు? "చేను బాగైంది కదరా, పదివేలు పెంచు" అంటాడు. వానపాము వచ్చినందుకు కౌలు పెరిగితే ఏ పిచ్చివాడు వానపాముని పెంచుతాడు? 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. కౌలు కార్డు కావాలంటే ఆసామి సంతకం కావాలన్నారు. ఆసామి సంతకం పెట్టడు. పెడితే భూమి పోతుందేమోనని భయం. పీఎం కిసాన్ 6,000 ఆసామి ఖాతాకే, పంట నష్టం చాలాసార్లు ఆసామి పేరుకే. ఆ ఆసామి డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ఆర్గానిక్ అరలో టమాటా ఏరుకుంటాడు. సత్తెనపల్లిలో ఎకరం ఎవడెక్కువ కౌలిస్తే వాడికిమ్మని వాట్సాప్‌లో చెబుతాడు. భూమాత మీద పోస్టు కూడా పెడతాడు, ఏప్రిల్ 22న.

రకరకాల పంటలు వెయ్యండి అంటారు. వేస్తే కొనేదెవరు? 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. ఢిల్లీలో జీ20 అతిథులకి చిరుధాన్యాల విందు పెట్టారు. ఇక్కడ రేషన్ కార్డు మీద మాత్రం ఎక్కువగా బియ్యమే. అదే ఏడు మిర్చి క్వింటాలు 20 వేలు దాటింది. ఇంకేముంది, అందరూ మిర్చే. 2025 ఫిబ్రవరి నాటికి గుంటూరు యార్డులో టిక్కీల మీద కూర్చుని రైతు ఏడుస్తుంటే, కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల జోక్య ధర ప్రకటించింది. ఆ పెట్టుబడికి ఆ ధర ఏ మూలకి? ఈ నష్టం పూడ్చుకోవడానికి పక్క ఏడు రైతు ఏం చేస్తాడనుకున్నారు? కొర్రలు చల్లుతాడా?

భూ వినియోగ విధానం గురించి కూడా రెండు ముక్కలు. కృష్ణ ఒడ్డున 29 గ్రామాల్లో, అరటీ కూరగాయలూ పూలూ పండే 30 వేల ఎకరాలకు పైగా రాజధానికని తీసుకున్నారు. నీలి-ఆకుపచ్చ నగరం అన్నారు. ఉన్న ఆకుపచ్చ తీసేసి, రాబోయే ఆకుపచ్చకి డ్రాయింగు గీశారు. తర్వాత వచ్చినవాళ్లు అటు నగరమూ కానివ్వలేదు, ఇటు పొలమూ కానివ్వలేదు, ఐదేళ్లు ముళ్లకంపకి వదిలేశారు. 2024లో మొదటివాళ్లు మళ్లీ వచ్చి ఆ కంప కొట్టడానికి టెండరు పిలిచారు. ఇద్దరి పాలనలోనూ నిజంగా పెరిగిన పచ్చదనం ఆ కంపే.

ప్రకాశం వైపు వెళ్తే సుబాబుల్, జామాయిల్. కాగితం మిల్లుల కోసం వేసినవి. వాటిలో పిట్ట గూడు పెట్టిందా, నేల మీద గడ్డి మొలిచిందా అని ఎవరూ అడగరు. కానీ దేశపు అడవుల లెక్క ఉపగ్రహంతో తీస్తారు. హెక్టారు మేర పదో వంతుకు మించి చెట్ల నీడ కనిపిస్తే చాలు, అది ఎవరిదైనా, ఏ చెట్టైనా, అడవి కిందే జమ. నల్లమలలో పులి తిరిగే చోటు, టంగుటూరు దగ్గర రేపో మాపో మిల్లుకి పోయే కట్టె, రెండూ ఒకటే. పైనుంచి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. మన పాలకులు ఎప్పుడూ పైనుంచే చూస్తారు.

ఉప్పలపాడు చూశారా? గుంటూరు పక్కనే, ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ. ఊళ్లోవాళ్లు కాపాడుకుంటున్నారు. కంచె వేశారు, బోర్డు పెట్టారు, సెలవు రోజున పిల్లల్ని తీసుకెళ్తాం. కానీ ఆ పక్షులకి పడక అక్కడ, పళ్లెం ఇక్కడ. అవి తినేది కంచె బయట పొలాల్లో, కాలువల్లో, కుంటల్లో. పడకకి కాపలా పెట్టి పళ్లెంలో విషం వడ్డిస్తే దాన్ని సంరక్షణ అంటారా?

అన్నిటికన్నా కడుపు మండేది ఒంగోలు గిత్త కథ. ఈ నేల పుట్టించిన పశువు అది. ఒంగోలు పక్కన కరవది ఊరి పేరుతోనే ఒక ఎద్దు 1960ల్లో బ్రెజిల్ వెళ్లింది. ఇవాళ బ్రెజిల్ పశుసంపదలో పెద్ద భాగం నెలోర్ జాతి, మన ఒంగోలు సంతతే. అక్కడ వియాటినా-19 అనే ఆవుకి 2023లో కట్టిన ధర మన డబ్బులో సుమారు 35 కోట్లు. మన పేపర్లు మొదటి పేజీలో వేసి మురిసిపోయాయి. ఇక్కడ? పత్తీ మిర్చీ వచ్చి బీడు మింగాయి, ట్రాక్టరు వచ్చి అరక మింగింది, జొన్నచొప్ప కరువైంది. గిత్తకి సంక్రాంతి బండలాగుడు పోటీలు మిగిలాయి. మరి బ్రెజిల్‌లో దాని మేత ఎక్కడిదనుకుంటున్నారు? అమెజాన్‌లో నరికిన అడవిలో ఎక్కువ భాగం పశువుల మేతకే పోయింది. మన గిత్తకి మనం గుప్పెడు గడ్డి మిగల్చలేదు. వాళ్లు దాని కోసం ప్రపంచపు అడవినే కొట్టారు. ఉష్ణమండల భూ విధానం మీద పెద్ద పెద్ద నివేదికలు రాసేవాళ్లు ఒకసారి కరవది వచ్చి వెళ్తే బాగుంటుంది. కాఫీ మేమిస్తాం.

వీటన్నిటికీ చట్టం లేదా? భేషుగ్గా ఉంది. జీవవైవిధ్య చట్టం, 2002. ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊళ్లోని చెట్టూ చేమా, పిట్టా పురుగూ, నాటు విత్తనం, నాటు వైద్యం అన్నీ ఊరివాళ్లని అడిగి రిజిస్టరులో రాయాలి. పధ్నాలుగేళ్లకి, 2016 నాటికి, దేశం మొత్తమ్మీద తయారైన రిజిస్టర్లు 1,400 కూడా లేవు. 2019లో హరిత ట్రైబ్యునల్ కన్నెర్ర చేసింది. 2020 జనవరి 31 లోపు పూర్తి చెయ్యకపోతే రాష్ట్రానికి నెలకి 10 లక్షల జరిమానా అంది. అంతే! ఎక్కడలేని ప్రకృతి ప్రేమ పుట్టుకొచ్చింది. చూస్తుండగానే రిజిస్టర్లు లక్షల్లోకి చేరాయి. ఊరూరా పిట్టల్ని ఎవరు లెక్కపెట్టారు? మీ ఇంటికి ఎవరైనా వచ్చి మీ నాయనమ్మ దాచిన వరిగ గింజల గురించి అడిగారా? మా ఊరి వైపు మాత్రం ఎవరూ అడిగిన గుర్తు లేదు.

అందుకని ఒక్క పని చెయ్యండి. ఈసారి గ్రామసభ పెట్టినప్పుడు సిమెంటు రోడ్డు సంగతి అయ్యాక లేచి, మన ఊరి జీవవైవిధ్య రిజిస్టరు చూపించండి అని అడగండి. అది ఊరి ఆస్తి, అడిగే హక్కు మీకుంది. లేదంటే రాతపూర్వకంగా లేదని ఇమ్మనండి. ఉంటే తీసుకుని కొంగలు, కొర్రలు తర్వాత చూద్దురుగాని, ముందు కమిటీ సభ్యుల జాబితా చూడండి. అందులో మీ పేరే ఉండొచ్చు.